నెలల తరబడి వదిలేసిన జెంటూని ఫార్మాట్ కొట్టకుండా దారిలోకి తేవడం

మీరు అడిగింది ఇదీ: ఆరు నెలలుగా జెంటూ (ప్యాకేజీలని సోర్స్ నుంచి కంపైల్ చేసుకునే లినక్స్) మెషీన్‌ని అప్‌డేట్ చెయ్యలేదు. ఇప్పుడు వరల్డ్ అప్‌డేట్ (మొత్తం సిస్టమ్‌ని కొత్తది చెయ్యడం) కొడితే మూడొందల పైచిలుకు ప్యాకేజీలు చూపిస్తోంది, మధ్యలో స్లాట్ కాన్‌ఫ్లిక్టులు (ఒకే లైబ్రరీకి రెండు వెర్షన్లు కావాలనడం), బ్లాకర్లు (ఒకటి ఉంటే ఇంకోటి ఉండకూడదనడం), పైథాన్ మీద పేజీలకొద్దీ గోల. అవి ఎలాగో దాటిస్తే క్యూటీ వెబ్‌ఇంజిన్ (బ్రౌజర్ ఇంజిన్ ఉన్న పెద్ద లైబ్రరీ) దగ్గర కంపైల్ ఆగిపోతోంది. 16 థ్రెడ్ల ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్. ఫార్మాట్ కొట్టి మళ్లీ మొదలుపెట్టడమే నయమా? ఇకముందు ఇలా కాకుండా ఏం చెయ్యాలి?

ఫార్మాట్ అక్కర్లేదు. స్టేబుల్ సిస్టమ్‌కి కనీసం ఏడాది గ్యాప్ వరకూ అప్‌గ్రేడ్ దారి ఉండాలని జెంటూ వాళ్లు పెట్టుకున్న పద్ధతి. ఆరు నెలలు ఆ లోపే. రెండు మూడేళ్లు ముట్టుకోని మెషీన్ అయితే పాత పోర్టేజ్‌కి (జెంటూలో ప్యాకేజీలు కట్టి పెట్టే సాధనం) కొత్త ఈబిల్డ్‌లు (ఒక్కో ప్యాకేజీని ఎలా కట్టాలో రాసిన ఫైళ్లు) చదవడమే రాకపోవచ్చు, అప్పుడు మళ్లీ వేసుకోవడమే తొందరగా తేలుతుంది. మీది ఆ కేసు కాదు.

మీరు చూస్తున్న కాన్‌ఫ్లిక్టుల్లో ఎక్కువ భాగం ట్రీలోంచి (జెంటూ వాళ్ల ఈబిల్డ్‌ల గుట్టలోంచి) రావు. మీ /ఈటీసీ/పోర్టేజ్ డైరెక్టరీలో ఎప్పుడో రాసిపెట్టి మర్చిపోయిన లైన్లలోంచి, వరల్డ్ ఫైల్లో (మీరు అడిగి వేయించుకున్న ప్యాకేజీల లిస్టు) చేరకూడనివి చేరడంలోంచి వస్తాయి. పోర్టేజ్ మొండిది కాదు, మీరు అడిగినవన్నీ ఒకేసారి తీర్చడానికి చూస్తుంది. అడిగినవి ఒకదానికొకటి పొసగకపోతే కేకలు పెడుతుంది. అందుకే ముందు కోరికల లిస్టు తగ్గించండి, కంపైల్ సంగతి తర్వాత.

(కమాండ్లు, ఫైల్ పేర్లు తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. టెర్మినల్లో మామూలు స్పెల్లింగే కొట్టాలని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.)

అప్‌డేట్‌కి ముందు

/ఈటీసీ/పోర్టేజ్ మొత్తాన్నీ, /వార్/లిబ్/పోర్టేజ్/వరల్డ్ ఫైల్‌నీ ఎక్కడైనా కాపీ పెట్టుకోండి. ఈ రెండూ ఉంటే సిస్టమ్ ఏమైపోయినా మీ సెటప్ మళ్లీ కట్టుకోవచ్చు. తర్వాత ట్రీని కొత్తది చేసే ఎమర్జ్ --సింక్, ఆపైన జెంటూ వాళ్ల ప్రకటనలు చూపే ఇసెలెక్ట్ న్యూస్ రీడ్. న్యూస్ చదవకుండా అప్‌డేట్ కొట్టేవాళ్లే ఎక్కువ, తర్వాత వచ్చి అడిగే ప్రశ్నల్లో సగానికి జవాబు అక్కడే ఉంటుంది. 2024 మార్చిలో 23.0 ప్రొఫైల్స్ (సిస్టమ్ డిఫాల్ట్ సెట్టింగుల మూటలు) వచ్చినప్పుడు ఏ వరసలో ఏం కట్టాలో అంతా న్యూస్‌లోనే ఇచ్చారు: ముందు పాత ప్రొఫైల్ మీదే సిస్టమ్‌ని పూర్తిగా అప్‌డేట్ చేసుకోవాలి, తర్వాత ప్రొఫైల్ మార్చి బిన్‌యుటిల్స్, జీసీసీ, సీ లైబ్రరీ ఒకదాని తర్వాత ఒకటి కట్టాలి, చివర్లో ఎంప్టీట్రీతో (ఉన్నవాటిని కూడా మళ్లీ కట్టే ఆప్షన్) వరల్డ్ మొత్తం. వరస తప్పితే టూల్‌చెయిన్ (కంపైలర్, దాని తోడు సాధనాలు) దగ్గరే ఇరుక్కుంటారు. మీరు ఇంకా 17.1 మీదే ఉంటే ప్రొఫైల్ మార్పునీ ఈ పెద్ద అప్‌డేట్‌నీ కలిపి చెయ్యకండి.

తర్వాత పోర్టేజ్ ఒక్కదాన్నే ముందు అప్‌డేట్ చెయ్యండి:

ఎమర్జ్ --వన్‌షాట్ సిస్-యాప్స్/పోర్టేజ్

ఇప్పుడు ప్యాకేజ్.యూజ్ తెరవండి. ఏ ప్యాకేజీకి ఏ యూజ్ ఫ్లాగులు (ఏ ఫీచర్లతో కట్టాలో చెప్పే స్విచ్‌లు) కావాలో రాసేది అందులోనే. --ఆటోఅన్‌మాస్క్-రైట్ (పోర్టేజ్ అడిగిన మార్పుల్ని దాని చేతే రాయించే ఆప్షన్) ఎప్పుడైనా వాడి ఉంటే, అందులో వెర్షన్ నంబర్లతో సహా డజన్లకొద్దీ లైన్లు ఉంటాయి. ఏ లైన్ ఎందుకు వచ్చిందో దానిపైన కామెంట్‌లో పోర్టేజే రాస్తుంది. ఆ కామెంట్‌లోని ప్యాకేజీ ఇప్పుడు మీ దగ్గర లేకపోతే లైన్ కొట్టెయ్యండి. అనుమానంగా ఉన్నవాటి ముందు హ్యాష్ పెట్టండి, నిజంగా కావాల్సి వస్తే పోర్టేజే మళ్లీ అడుగుతుంది. మేక్.కాన్ఫ్‌లో (పోర్టేజ్ ప్రధాన సెట్టింగుల ఫైల్) పైథాన్_టార్గెట్స్ అని చేత్తో రాసిన లైన్ ఉంటే మొదట తీసేయాల్సింది అదే.

వరల్డ్ ఫైల్‌లో ఉండాల్సినవి మీరు పేరు పెట్టి వాడేవి మాత్రమే: బ్రౌజర్, ఎడిటర్, డెస్క్‌టాప్ మెటా ప్యాకేజీ, కెర్నల్, అలాంటివి. డెవ్-లిబ్స్, మీడియా-లిబ్స్, డెవ్-పైథాన్ అని మొదలయ్యేవి కనబడితే చాలావరకు పొరపాటున చేరినవే. ఎక్కడో కంపైల్ ఫెయిలైందని ఒక లైబ్రరీని విడిగా ఎమర్జ్ చేసి ఉంటారు, --వన్‌షాట్ పెట్టకపోవడంతో అది వరల్డ్‌లోకి ఎక్కి కూర్చుంది. ఎమర్జ్ --డీసెలెక్ట్ కొడితే లిస్టులోంచి పేరు పోతుంది, ప్యాకేజీ అప్పుడే పోదు. వేరే ఎవరికైనా అది కావాలో లేదో డెప్‌క్లీన్ (అక్కర్లేని ప్యాకేజీలు తీసేసే కమాండ్) తర్వాత తేలుస్తుంది. కాబట్టి భయం లేదు. విడిగా ఏ లైబ్రరీ కట్టినా --వన్‌షాట్ తప్పనిసరి అనుకోండి.

అసలు కమాండ్, దాని అవుట్‌పుట్ చదవడం

ఎమర్జ్ --ఆస్క్ --వెర్బోస్ --అప్‌డేట్ --డీప్ --న్యూయూజ్ --కీప్-గోయింగ్ @వరల్డ్

--డీప్ లేకపోతే డిపెండెన్సీల డిపెండెన్సీలు పాతవే ఉండిపోయి, నెలల తర్వాత ఇంకో చోట తన్నుకుంటాయి. --న్యూయూజ్ బదులు --చేంజ్డ్-యూజ్ వాడితే మీకు సంబంధం లేని కొత్త ఫ్లాగ్ ట్రీలో చేరినంత మాత్రాన రీబిల్డ్ జరగదు. రోజువారీ వాడకానికి అది చాలు, ఇంత గ్యాప్ తర్వాత మాత్రం --న్యూయూజ్ పెట్టండి. సరైన దారి దొరకలేదని చేతులెత్తేస్తే --బ్యాక్‌ట్రాక్=100 కలిపి చూడండి, టైమ్ ఎక్కువ తీసుకున్నా కొన్ని ముళ్లు అదే విప్పుకుంటుంది.

వచ్చిన లిస్టులో బ్లాకర్ పక్కన చిన్న బీ ఉంటే పట్టించుకోకండి, పోర్టేజే సర్దుకుంటుంది. పెద్ద బీ ఉంటేనే మీ పని. యూజ్ ఫ్లాగ్ పక్కన నక్షత్రం ఉంటే మీ సిస్టమ్‌లో ఉన్న స్థితి నుంచి మారుతోందని, శాతం గుర్తు ఉంటే ఆ ఫ్లాగే కొత్తదని, బ్రాకెట్లో ఉంటే ప్రొఫైల్ దాన్ని బిగించేసింది, మీరు మార్చలేరని అర్థం. ఎస్ కొట్టే ముందు నక్షత్రాలున్నవి ఒకసారి కళ్లతో చూసుకోండి. తెలియకుండా ఆగిపోయిన ఫీచర్లు అక్కడే దొరుకుతాయి.

స్లాట్ కాన్‌ఫ్లిక్ట్ మెసేజ్ భయపెట్టేంత పొడవుంటుంది కానీ దాని నిర్మాణం ఎప్పుడూ ఒకటే. ఒక లైబ్రరీ పేరు, దాని కింద రెండు వెర్షన్లు, ఒక్కో వెర్షన్ కింద దాన్ని ఎవరు లాగుతున్నారో. కొత్త వెర్షన్‌ని లాగేవాళ్లని వదిలెయ్యండి. పాతదాన్ని పట్టుకుని వేలాడుతున్నది ఎవరో చూడండి. ఆ పేరుకి మూడు కథల్లో ఒకటి ఉంటుంది. ఒకటి, ఆ ప్యాకేజీ ట్రీలోంచే పోయింది. సాధారణంగా ముందు మాస్క్ చేసి (ఇన్‌స్టాల్ కాకుండా ఆపి), ముప్ఫై రోజులు గడువిచ్చి తీసేస్తారు, ఆరు నెలల్లో అలాంటివి కొన్ని తప్పక ఉంటాయి (ఇఐఎక్స్-టెస్ట్-అబ్సొలీట్ కొడితే అన్నీ ఒకేచోట కనబడతాయి). రెండు, మీరే యాక్సెప్ట్_కీవర్డ్స్‌లోనో (ఏ ప్యాకేజీకి టెస్టింగ్ వెర్షన్ ఒప్పుకోవాలో రాసే చోటు) మాస్క్‌లోనో ఒక వెర్షన్‌కి కట్టేశారు. మూడు, అది బయటి ఓవర్‌లే (జెంటూ ట్రీ కాని వేరే ఈబిల్డ్ రిపో) నుంచి వచ్చింది, అక్కడ ఎవరూ పట్టించుకోవడం లేదు.

మూడింటికీ మందు ఒకటే: ఆ చివరి అప్లికేషన్‌ని డీసెలెక్ట్ చేసి, ఎమర్జ్ --డెప్‌క్లీన్‌కి దాని పేరిచ్చి తీసేసి, అప్‌డేట్ పూర్తయ్యాక కావాలంటే మళ్లీ వేసుకోండి. దారికి అడ్డం వచ్చిందని ఎమర్జ్ --అన్‌మెర్జ్‌తో లైబ్రరీలు మాత్రం పీకకండి. డెప్‌క్లీన్ దీని మీద ఎవరైనా ఆధారపడ్డారా అని చూసి ఆగుతుంది, అన్‌మెర్జ్ చూడదు. జీలిబ్‌సీ (సిస్టమ్ సీ లైబ్రరీ), పైథాన్, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లాంటి వాటి మీద అది వాడితే తర్వాత ఎమర్జే పరుగెత్తదు, లైవ్ యూఎస్‌బీ వెతుక్కోవాలి.

సర్క్యులర్ డిపెండెన్సీ ఎక్కువగా కొత్తగా డెస్క్‌టాప్ వేసేటప్పుడు వస్తుంది. ఫ్రీటైప్, హార్ఫ్‌బజ్ జంట పేరుమోసినది: ఫ్రీటైప్‌కి హార్ఫ్‌బజ్ ఫ్లాగ్ ఆన్, హార్ఫ్‌బజ్‌కి ఫ్రీటైప్ కావాలి. కమాండ్ ముందు యూజ్="-హార్ఫ్‌బజ్" పెట్టి ఫ్రీటైప్‌ని వన్‌షాట్‌గా ఒకసారి కట్టండి, తర్వాత మామూలు అప్‌డేట్ కొడితే అదే పూర్తి ఫ్లాగులతో మళ్లీ కట్టుకుంటుంది. ఆ మైనస్‌ని ప్యాకేజ్.యూజ్‌లో శాశ్వతంగా రాయకండి.

పైథాన్ గోల

పైథాన్ ప్యాకేజీలు ఏ వెర్షన్ కోసం కట్టాలో ఫ్లాగుల ద్వారా తెలుస్తుంది. డిఫాల్ట్ వెర్షన్ మారినప్పుడు, ఉదాహరణకి 3.12 నుంచి 3.13కి, ఒకదాని మీద ఒకటి ఆధారపడ్డ గుంపు మొత్తం ఒకేసారి మారాలి. గుంపులో ఒక్కటి కొత్త వెర్షన్‌కి సిద్ధంగా లేకపోయినా అంతా ఆగుతుంది. అప్పుడు ఒక్క గెంతులో కాకుండా మెట్లు మెట్లుగా వెళ్లాలి. ప్యాకేజ్.యూజ్‌లో ఈ రెండు లైన్లు పెట్టండి:

*/* పైథాన్_టార్గెట్స్: -* పైథాన్3_12 పైథాన్3_13
*/* పైథాన్_సింగిల్_టార్గెట్: -* పైథాన్3_12

వరల్డ్ అప్‌డేట్ కొట్టండి. ఇప్పుడు అన్నీ రెండు వెర్షన్లకీ ఉన్నాయి కాబట్టి తగాదా ఉండదు. తర్వాత సింగిల్ టార్గెట్‌ని 3_13కి మార్చి మళ్లీ అప్‌డేట్. ఆఖర్న రెండు లైన్లూ తీసేసి ఇంకో అప్‌డేట్, డెప్‌క్లీన్. కొన్ని ప్యాకేజీలు మూడుసార్లు కట్టాల్సి వస్తుంది, కానీ చాలావరకు చిన్నవే. ఆ లైన్లు తీసెయ్యడం మాత్రం మర్చిపోకండి. వచ్చే ఏడాది ఇదే గొడవకి అవే కారణమవుతాయి.

వెబ్‌ఇంజిన్ ఎందుకు చస్తోంది

మీ మెషీన్ వివరాలు చూస్తే ర్యామ్ చాలకే. సీ++ కంపైల్‌లో ఒక్కో జాబ్‌కి సుమారు 2 జీబీ ర్యామ్ లెక్క వేసుకోవాలి. 16 థ్రెడ్లున్నాయని మేక్‌ఆప్ట్స్‌లో (ఒకేసారి ఎన్ని కంపైల్ జాబ్‌లు నడపాలో చెప్పే సెట్టింగ్) -జె16 పెడితే 32 జీబీ కావాలి, మీ దగ్గర 16 ఉంది. కాబట్టి గ్లోబల్‌గా -జె8 మించకూడదు. పైగా ఎమర్జ్‌కి --జాబ్స్=3 కూడా ఇచ్చారనుకోండి, మూడు ప్యాకేజీలు ఒక్కోటి ఎనిమిది చొప్పున 24 కంపైలర్లు ఒకేసారి లేస్తాయి. చిన్న ప్యాకేజీలప్పుడు తెలియదు, రెండు పెద్దవి ఒకేసారి తగిలినప్పుడు తెలుస్తుంది.

నిర్ధారించుకోవడం తేలిక. లాగ్‌లో "కిల్డ్ సిగ్నల్" అని, సీసీ1ప్లస్ పేరుతో ఒక లైన్ ఉంటుంది, డీమెస్గ్‌లో (కెర్నల్ మెసేజ్‌లు చూపే కమాండ్) అవుట్ ఆఫ్ మెమరీ అని ఉంటుంది. అలా ఉంటే సోర్స్‌లో తప్పేమీ లేదు, కెర్నల్ కంపైలర్‌ని చంపేసింది.

దానికోసం అన్నిటికీ జాబ్‌లు తగ్గించక్కర్లేదు. /ఈటీసీ/పోర్టేజ్/ఎన్వ్ డైరెక్టరీలో లోజాబ్స్.కాన్ఫ్ అని ఫైల్ చేసి, అందులో ఒకే లైన్:

మేక్‌ఆప్ట్స్="-జె4"

తర్వాత /ఈటీసీ/పోర్టేజ్/ప్యాకేజ్.ఎన్వ్‌లో:

డెవ్-క్యూటీ/క్యూటీవెబ్‌ఇంజిన్ లోజాబ్స్.కాన్ఫ్

అదే పద్ధతిలో క్రోమియం, ఎల్‌ఎల్‌వీఎం, వెబ్‌కిట్-జీటీకే, రస్ట్ కూడా చేర్చుకోండి. వెబ్‌ఇంజిన్‌కి జంబో-బిల్డ్ అని ఒక ఫ్లాగ్ ఉంది. అది ఆన్‌లో ఉంటే కంపైల్ తొందరగా అవుతుంది, మెమరీ ఎక్కువ తింటుంది. మీ ర్యామ్‌కి దాన్ని ఆఫ్ చెయ్యడమే క్షేమం. 8 జీబీ స్వాప్ కూడా ఉంచండి, లింకింగ్ దశలో ఒక్కసారిగా ఎగబాకినప్పుడు ఆదుకుంటుంది.

/వార్/టీఎంపీ/పోర్టేజ్‌ని టీఎంపీఎఫ్ఎస్ (ర్యామ్‌లోనే ఉండే ఫైల్ సిస్టమ్) మీద పెట్టుకున్నారా? పెట్టుకుంటే బిల్డ్ ఫైళ్లు కూడా అదే ర్యామ్‌ని తింటున్నాయి. ఇంత పెద్ద ప్యాకేజీలకి పది జీబీకి పైగా జాగా కావాలి. ఇందాకటి ఫైల్లోనే పోర్టేజ్_టీఎంపీడీర్‌ని డిస్క్ మీదున్న ఇంకో డైరెక్టరీకి చూపించే లైన్ చేర్చండి, ఆ డైరెక్టరీని ముందే సృష్టించి పెట్టండి.

మెమరీ కాకుండా ఇంకేదైనా కారణమైతే బిల్డ్.లాగ్ చదవాలి. అది /వార్/టీఎంపీ/పోర్టేజ్ కింద క్యాటగిరీ, ప్యాకేజీ పేర్ల తర్వాత టెంప్ డైరెక్టరీలో ఉంటుంది. చాలామంది ఆఖరి ఇరవై లైన్లు చూసి వదిలేస్తారు. ఎనిమిది జాబ్‌లు కలిసి పరుగెడుతున్నప్పుడు ఒకటి చచ్చినా మిగతా ఏడూ తమ పని అవ్వగొట్టి ఆగుతాయి, అసలు ఎర్రర్ వందల లైన్ల పైన పడి ఉంటుంది. "ఎర్రర్" తర్వాత కోలన్ ఉన్న మాట కోసం గ్రెప్ కొట్టి మొట్టమొదటిది పట్టుకోండి. అయినా అంతు చిక్కకపోతే మేక్‌ఆప్ట్స్‌ని -జె1 చేసి మళ్లీ నడపండి, ఎర్రర్ చివరికి వచ్చి నిలబడుతుంది. -జె1తో అసలు ఫెయిలే కాకపోతే అది ప్యాకేజీ బిల్డ్ వరసలోని బగ్, లేదా మళ్లీ మెమరీయే. కాన్ఫిగర్ దశలోనే ఆగితే కాన్ఫిగ్.లాగ్, మెసాన్ అయితే మెసాన్-లాగ్ చూడాలి. "ఇంటర్నల్ కంపైలర్ ఎర్రర్" ప్రతిసారీ వేరే వేరే ఫైల్ దగ్గర వస్తోందంటే ర్యామ్ స్టిక్‌నో, ఓవర్‌క్లాక్‌నో, వేడినో అనుమానించండి, మెమ్‌టెస్ట్ ఒక రాత్రంతా నడపండి. ఒకే ఫైల్ దగ్గర వస్తే నిజంగా కంపైలర్ బగ్.

సరిచేశాక మొదటి నుంచి లెక్క వెయ్యనక్కర్లేదు, ఎమర్జ్ --రెజ్యూమ్ ఆగిన చోటు నుంచి ఎత్తుకుంటుంది. ఆ ఒక్కదాన్నీ వదిలి ముందుకెళ్లాలంటే --స్కిప్‌ఫస్ట్ కలపండి.

ఇంకో మాట: 2023 డిసెంబర్ నుంచి జెంటూ ఏఎండీ64, ఏఆర్ఎం64లకి అధికారికంగానే బైనరీ ప్యాకేజీలు ఇస్తోంది. --గెట్‌బిన్‌పీకేజీ కలిపితే మీ యూజ్ ఫ్లాగులకి సరిపోయే బైనరీ ఉంటే అది దిగుతుంది, లేకపోతే సోర్స్ నుంచి కడుతుంది. వెబ్‌ఇంజిన్, ఎల్‌ఎల్‌వీఎం లాంటివి గంటలకొద్దీ కట్టి మీకు ఒరిగేది ఏమీ లేకపోతే బైనరీ వాడుకోవడంలో నామోషీ లేదు. నా లెక్కలో సోర్స్ డిస్ట్రో లాభం ఫ్లాగుల ఎంపికలోనూ ప్యాచ్‌లు వేసుకోవడంలోనూ ఉంది, స్పీడ్‌లో కాదు. ఆ స్పీడ్ కోసమే మేక్.కాన్ఫ్‌లో -ఓఫాస్ట్, -ఎఫ్‌ఫాస్ట్-మ్యాథ్ రాసుకున్నవాళ్లు తీసెయ్యండి. -మార్చ్=నేటివ్ -ఓ2 -పైప్ చాలు.

అప్‌డేట్ అయ్యాక

డిస్పాచ్-కాన్ఫ్ నడపండి. /ఈటీసీలో మీరు మార్చిన ఫైళ్ల కొత్త వెర్షన్లు ._cfg0000 లాంటి పేర్లతో కాచుకుని ఉంటాయి. యూ కొడితే కొత్తది తీసుకుంటుంది, జెడ్ కొడితే కొత్తదాన్ని పారేస్తుంది, ఎమ్ కొడితే రెంటినీ కలపొచ్చు. ఎస్‌ఎస్‌హెచ్, సుడోయర్స్, ఎఫ్‌ఎస్‌ట్యాబ్ మీద కళ్లు మూసుకుని యూ కొట్టడం వల్ల రీబూట్ తర్వాత లాగిన్ కానివాళ్లు కొల్లలు. ఈటీసీ-అప్‌డేట్‌లో అన్నీ ఒకేసారి కలిపేసే -5 ఆప్షన్ ఇంకా ప్రమాదం.

తర్వాత పాత లైబ్రరీల మీదే ఇంకా ఆధారపడ్డవాటిని మళ్లీ కట్టే ఎమర్జ్ @ప్రిజర్వ్డ్-రీబిల్డ్. అది అయ్యాకే డెప్‌క్లీన్, అదీ ముందు --ప్రిటెండ్‌తో. లిస్టులో జీసీసీ పాత వెర్షన్ ఉంటే జీసీసీ-కాన్ఫిగ్ -ఎల్ కొట్టి కొత్తది యాక్టివ్‌లో ఉందని చూసుకోండి. కావాల్సిన అప్లికేషన్ లిస్టులో కనబడితే ఎమర్జ్ --నోరీప్లేస్‌తో దాన్ని వరల్డ్‌లో చేర్చండి.

కెర్నల్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు: ప్రత్యేక కారణం లేకపోతే జెంటూ-కెర్నల్ లేదా జెంటూ-కెర్నల్-బిన్ పెట్టుకోండి. డెప్‌క్లీన్ సోర్సులు తీసినా /బూట్‌లో చేత్తో పెట్టిన పాత ఇమేజ్‌లు అలాగే ఉంటాయి, ఈక్లీన్-కెర్నల్ -ఎన్ 2 అప్పుడప్పుడు కొట్టకపోతే ఆ పార్టిషన్ నిండిపోతుంది.

ఇకముందు

వారానికోసారి లేదా రెండు వారాలకోసారి: సింక్, న్యూస్, వరల్డ్, డిస్పాచ్-కాన్ఫ్, డెప్‌క్లీన్. రోజుకి ఒకసారి మించి సింక్ చెయ్యొద్దని మిర్రర్లు నడిపేవాళ్లు అడుగుతారు, అంతకు మించి అవసరమూ ఉండదు. వరల్డ్ అప్‌డేట్ పక్కన పెట్టి ఏదో ఒక్క ప్యాకేజీనే నెలల తరబడి కొత్తది చేసుకుంటూ పోవడం మాత్రం మానుకోండి, సగం కొత్త సగం పాత సిస్టమ్ అలాగే తయారవుతుంది.

ఫీచర్స్‌లో బిల్డ్‌పీకేజీ ఆన్ చెయ్యండి. కట్టిన ప్రతిదాని బైనరీ /వార్/క్యాష్/బిన్‌పీకేజీస్‌లో పడి ఉంటుంది. కొత్త వెర్షన్ నచ్చకపోతే ఎమర్జ్ --యూజ్‌పీకేజీఓన్లీతో పాత వెర్షన్ నంబర్ ఇచ్చి నిమిషంలో వెనక్కి వెళ్లొచ్చు. జీలిబ్‌సీ ఒక్కదానికి ఇది కుదరదు, డౌన్‌గ్రేడ్‌ని అదే అడ్డుకుంటుంది. డిస్క్ నిండకుండా ఈక్లీన్-పీకేజీ, ఈక్లీన్-డిస్ట్ ఉన్నాయి.

టెస్టింగ్ బ్రాంచ్ (ఇంకా స్టేబుల్ కాని వెర్షన్లు) నుంచి ఏదైనా కావాలంటే ప్యాకేజీ పేరు మాత్రమే రాయకుండా వెర్షన్‌తో కట్టండి. ఉత్త పేరు రాస్తే అది ఎప్పటికీ టెస్టింగ్‌లోనే పోతూ, ఒక్కో డిపెండెన్సీని తనతో లాక్కెళ్తుంది. వెర్షన్ రాస్తే స్టేబుల్ దాన్ని దాటగానే ఆ లైన్‌కి పని ఉండదు. గ్లోబల్ యూజ్‌లో నిజంగా అన్నిటికీ వర్తించేవి నాలుగైదు ఉంచండి, మిగతావి ప్యాకేజీ వారీగా. యూజ్="-*" పెట్టడం మాత్రం వద్దు, ప్రొఫైల్ వాళ్లు ఆలోచించి పెట్టినవన్నీ పోతాయి.

చివరగా, పోర్టేజ్‌కి తెలియకుండా మేక్ ఇన్‌స్టాల్ కొట్టిన సరుకు. అది /యూఎస్ఆర్/లోకల్‌లో కూర్చుంటుంది, కంపైలర్ హెడర్ల కోసం /యూఎస్ఆర్/ఇన్‌క్లూడ్ కంటే ముందు అక్కడ చూస్తుంది. ఆరు నెలల తర్వాత సంబంధం లేని ప్యాకేజీ "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్" అని ఆగితే, సిస్టమ్ లైబ్రరీ బాగానే ఉందని తల పట్టుకుంటారు. ఎల్‌డీకాన్ఫిగ్ -పీ అవుట్‌పుట్‌లో లోకల్ అనే మాట కోసం గ్రెప్ కొట్టండి. అక్కడ ఏదైనా కనబడితే దొంగ అదే. చిన్న మార్పు కోసమే అయితే ప్యాచ్ ఫైల్‌ని /ఈటీసీ/పోర్టేజ్/ప్యాచెస్ కింద క్యాటగిరీ, ప్యాకేజీ పేర్లతో డైరెక్టరీ చేసి పడేస్తే పోర్టేజ్ ప్రతి వెర్షన్‌కీ తనే వేస్తుంది. ట్రీలో లేని సాఫ్ట్‌వేర్ అయితే ఇసెలెక్ట్ రిపాజిటరీ క్రియేట్‌తో సొంత రిపో పెట్టుకుని పది లైన్ల ఈబిల్డ్ రాసుకోండి, తీసెయ్యాలన్నప్పుడు ఒక్క కమాండ్‌తో పోతుంది.

ఇవన్నీ చేశాక కూడా ఎక్కడైనా ఆగితే ఎమర్జ్ --ఇన్ఫో, కాన్‌ఫ్లిక్ట్ మెసేజ్ మొత్తం, కంపైల్ అయితే బిల్డ్.లాగ్ పూర్తిగా ఇక్కడే పెట్టండి. స్క్రీన్‌షాట్ వద్దు, ఆఖరి పది లైన్లూ వద్దు.